మెడలో సీ1 ఎముక (అన్నిటికంటే పైన ఉండే మెడ పూస) రెండు చోట్ల విరిగింది, అయినా "స్టేబుల్" అంటున్నారు. ఇది ఎలా తేలుస్తారు?

బావిగట్టు:

అందరికీ నమస్తే. మా బామ్మర్ది గురించి అడుగుతున్నాను, వయసు 29. మొన్న ఆదివారం వ్యవసాయ బావిలో ఈతకు పోయి గట్టు మీద నుంచి తలకిందులుగా దూకాడు. ఎండాకాలం కదా, నీళ్లు బాగా కిందికి పోయాయి, లోపల రాతి మెట్టుకు నడినెత్తి కొట్టుకుంది. స్పృహ తప్పలేదు. తనే మెట్లెక్కి పైకి వచ్చాడు, మెడ కదిలిస్తే ప్రాణం పోతోందని రెండు చేతులతో తల పట్టుకుని బండి వెనక కూర్చుని ఇంటికి చేరాడు. దగ్గర్లో ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి, ఏం లేదు బెణికింది అని మాత్రలిచ్చి పంపారు. రాత్రంతా మెడ వెనక, తల కింద భాగంలో ఒకటే నొప్పి, పడుకుని లేవాలంటే ఎవరో ఒకరు తల పట్టుకోవాల్సి వచ్చింది. మర్నాడు టౌన్‌కి తీసుకెళ్లి సీటీ తీయిస్తే సీ1 ముందు వైపు ఒక చోట, వెనక వైపు ఒక చోట విరిగిందని వచ్చింది.

రిపోర్ట్‌లో "లేటరల్ మాస్ ఓవర్‌హ్యాంగ్ రెండు వైపులా కలిపి 5 మి.మీ., ఏడీఐ 2.5 మి.మీ." అని రాశారు. అక్కడి డాక్టర్ చూసి ఇది స్టేబుల్ ఫ్రాక్చర్, గట్టి కాలర్ వేసుకుంటే అతుక్కుంటుంది అన్నారు. మాకు మనసొప్పక ఫిల్ములు హైదరాబాద్‌లో ఇంకో డాక్టర్‌కి చూపించాం. ఆయనేమో ఎంఆర్ఐ చూడకుండా స్టేబుల్ అని నేను సంతకం పెట్టను, అన్‌స్టేబుల్ కావచ్చు, మంచం దిగనివ్వొద్దు అన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. మా అత్తమ్మ అయితే కాళ్లూ చేతులూ బాగానే ఆడుతున్నాయి కదా, అడ్డమైన టెస్టులన్నీ ఎందుకు అంటోంది.

నాకు అర్థం కానివి ఇవి. రెండు ముక్కలైన ఎముక స్టేబుల్ ఎలా అవుతుంది? 5 మిల్లీమీటర్లు అంటే ఎక్కువా తక్కువా? కాళ్లూ చేతులూ ఆడుతుంటే భయం లేనట్టేనా? తెలిసినవాళ్లు కాస్త మామూలు మాటల్లో చెప్పండి.

వెన్నుపూస డాక్టర్:

నేను స్పైన్ సర్జన్‌ని. ఫిల్ములు నా చేతిలో లేవు కాబట్టి మీ వాడికి కాలరా ఆపరేషనా అన్నది చెప్పను, అది వాళ్లు చెప్పాల్సిందే. కానీ ఈ స్టేబుల్, అన్‌స్టేబుల్ గొడవ ఏమిటో చెబుతాను, ఎందుకంటే డిశ్చార్జ్ కాగితం మీద ఒక్క ముక్క రాసి పంపేయడం వల్ల చాలామంది ఇంటికెళ్లి దానికి తోచిన అర్థం చెప్పుకుంటారు.

ముందు మీ అత్తమ్మ గారి మాట. కాళ్లూ చేతులూ ఆడుతున్నాయంటే వెన్నుపాముకు ఇప్పటిదాకా దెబ్బ తగల్లేదని అర్థం, అంతే. రేపు కూడా తగలదని కాదు. పై మెడలో ఇది మరీ మోసం చేస్తుంది, ఎందుకంటే అక్కడ చోటు ఎక్కువ. సీ1 వలయం లోపల సుమారుగా మూడోవంతు, దాని కింది పూస సీ2 నుంచి పైకి పొడుచుకొచ్చే మొన ఉంటుంది (ఓడాంటాయిడ్ అంటాం), మూడోవంతు వెన్నుపాము, మిగతా మూడోవంతు ఖాళీ. స్టీల్ అనే సర్జన్ 1968లో చెప్పిన లెక్క ఇది, ఇప్పటికీ పీజీలకు మొదట నేర్పేది ఇదే. ఆ ఖాళీ ఉండబట్టే చాలా ప్రమాదకరంగా విరిగినవాళ్లు కూడా నడుచుకుంటూ ఓపీకి వస్తారు. మీవాడు తల చేతులతో పట్టుకుని వచ్చాడన్నారు చూడండి, అదే నన్నయితే భయపెట్టేది. పై మెడ విరిగినవాళ్లు ఎవరూ చెప్పకుండానే అలా పట్టుకుంటారు.

ఇక సీ1 గురించి. మిగతా వెన్నుపూసలకు ఉన్నట్టు దీనికి ముందు భాగంలో దిమ్మ ఉండదు, ఇది ఉత్త వలయం. రెండు పక్కలా లావుగా ఉండే భాగాలే లేటరల్ మాస్‌లు, వాటి మీదే పుర్రె కూర్చుంటుంది. చేతి గాజును నొక్కితే ఒక్క చోటే విరగడం అరుదు కదా, ఈ వలయమూ అంతే, సాధారణంగా రెండు మూడు చోట్ల, ఒక్కోసారి నాలుగు చోట్ల పగులుతుంది. నడినెత్తి మీద బరువు పడితే లేటరల్ మాస్‌ల కీళ్లు వాలుగా ఉండటం వల్ల అవి పక్కలకు తోసుకుపోతాయి. జెఫ్రీ జెఫర్‌సన్ అనే బ్రిటిష్ సర్జన్ 1920లో దీని గురించి వివరంగా రాశాడు, అందుకే జెఫర్‌సన్ ఫ్రాక్చర్ అంటారు. ముక్కలు బయటికి విచ్చుకుంటాయి కాబట్టి లోపల దారి ఇరుకు కాదు, వెడల్పవుతుంది. మీవాడి చేతులు కాళ్లు ఆడటానికి కారణం అదే.

అయితే మరి ప్రమాదం ఎక్కడ? ఎముకలో కాదు, లిగమెంట్‌లో (ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి నార). ఆ రెండు లేటరల్ మాస్‌ల లోపలి అంచుల మధ్య, సీ2 మొన వెనక నుంచి అడ్డంగా ఒక గట్టి లిగమెంట్ పోతుంది, ట్రాన్స్‌వర్స్ లిగమెంట్. సీ1 ముందుకు జారకుండా సీ2 మొనను దాని స్థానంలో పట్టి ఉంచేది ముఖ్యంగా అదే. ఎముక ముక్కలు పక్కలకు ఎక్కువ విచ్చుకుంటే ఆ లిగమెంట్ సాగి సాగి తెగుతుంది. అది తెగిన మనిషి తల ముందుకు వంచితే సీ1 ముందుకు జారుతుంది, వెన్నుపాము సీ2 మొనకూ సీ1 వెనక భాగానికీ మధ్య నలుగుతుంది. కాబట్టి సీ1 ఎన్ని ముక్కలైందన్నది నేను రెండోసారి చూస్తాను. మొదట చూసేది ఆ లిగమెంట్ ఉందా పోయిందా అని.

ఇప్పుడు మీ 5 మిల్లీమీటర్లు. సీ1 లేటరల్ మాస్‌లు కింద ఉన్న సీ2 అంచు దాటి పక్కలకు ఎంత బయటికి జరిగాయన్న కొలత అది. 1970లో స్పెన్స్, ఆయన సహచరులు శవాల మెడల మీద ప్రయోగం చేసి, రెండు వైపులా కలిపి 6.9 మి.మీ. మించి సీ1 బయటికి జరిగితే లిగమెంట్ తెగినట్టే లెక్క అన్నారు. ఎక్స్‌రేలో బొమ్మ అసలుకంటే పెద్దగా పడుతుంది కాబట్టి తర్వాత దాన్ని 8.1 కి సవరించిన వాళ్లూ ఉన్నారు. ఏడీఐ అంటే సీ1 ముందు వంపుకూ సీ2 మొనకూ మధ్య సందు, పెద్దవాళ్లలో 3 మి.మీ. లోపు ఉండాలి. మీవాడికి రెండూ లోపలే ఉన్నాయి, మొదటి డాక్టర్ స్టేబుల్ అన్నది ఆ లెక్క చూసే. తప్పేం కాదు.

కానీ ఆ లెక్కలో ఒక చిల్లు ఉంది. 6.9 దాటితే లిగమెంట్ పోయిందని అనుమానించొచ్చు, దాటకపోతే మాత్రం బాగుందని చెప్పలేం. తక్కువ కొలత ఉన్నా ఎంఆర్ఐలో తెగి కనిపించిన కేసులు బోలెడు. పైగా సీటీ తీసేటప్పుడు మనిషి వెల్లకిలా పడుకుని ఉంటాడు, తల బరువు మెడ మీద పడదు, కాబట్టి ఏడీఐ బుద్ధిగా 2.5 దగ్గరే కనిపిస్తుంది. రెండో ఆయన అడుగుతున్నది అందుకే. ఇద్దరూ ఒకరికొకరు ఎదురు చెబుతున్నట్టు మీకు అనిపిస్తోంది, నాకు అలా లేదు. ఒకరు కొలత చూసి చెప్పారు, ఇంకొకరు ఆ కొలత దేనికి గుర్తో దాన్నే చూస్తానంటున్నారు. నేనైతే ఎంఆర్ఐ తీయిస్తాను, అదీ ఈ వారంలోనే, వాపు ఉండగా లిగమెంట్ దెబ్బ బాగా తెలుస్తుంది.

ఇక "విరిగినా స్టేబుల్ ఎలా" అన్నది. స్టేబుల్ అంటే అతుక్కుందని గానీ, నొప్పి లేదని గానీ కాదు. మామూలుగా కూర్చుని, లేచి, నడిచే బరువుకు ఆ ఎముకలు ఒకదాని మీద ఒకటి ఉన్న చోటే ఉంటాయా, నరాలకు ఇప్పుడూ తర్వాతా హాని చేయకుండా, మెడ వంకర తిరగకుండా, భరించలేని నొప్పి లేకుండా? ఉంటాయి అంటే స్టేబుల్. వైట్, పంజాబీ అని ఇద్దరు చెప్పిన నిర్వచనం దాదాపు ఇదే. సీ1 వెనక వంపు ఒక్కటే విరిగితే దాదాపు ఎప్పుడూ స్టేబులే, కాలర్‌తో పోతుంది. ముందూ వెనకా రెండూ విరిగి, లిగమెంట్ గట్టిగా ఉంటే అదీ స్టేబుల్ కిందే చూస్తాం. లిగమెంట్ మధ్యలో తెగితే ఎముక అతుక్కున్నా సరే అన్‌స్టేబుల్.

ఎంఆర్ఐ వచ్చేదాకా కాలర్ తీయకండి. తిప్పాల్సి వస్తే నలుగురు పట్టుకుని తల, ఒళ్లు ఒకేసారి తిప్పాలి. ఎవరో ఒకరు చెబుతారు, నాటు కట్టు కట్టిద్దాం, సెలూన్‌లో మెడ విరిపిస్తే పట్టు వదులుతుంది అని, వాళ్లను గుమ్మం దాటనివ్వకండి.

డార్క్‌రూమ్:

రేడియాలజీ వైపు నుంచి. క్లినిక్‌లో ఎక్స్‌రేలో కనపడలేదని వాళ్ల మీద మరీ కోప్పడకండి, పక్క నుంచి తీసిన ఒక్క ఎక్స్‌రేలో సీ1 వలయం పుర్రె నీడలో దాక్కుంటుంది. నోరు తెరిపించి తీసే వ్యూ ఒకటి ఉంది, నొప్పితో ఉన్న మనిషి నోరు సరిగా తెరవడు, అదీ బాగా రాదు. కోప్పడాల్సింది వేరే దానికి. మెడ దెబ్బల్లో ఎవరికి ఎక్స్‌రే, స్కాన్ లాంటివి తీయాలో తేల్చడానికి 2001లో వచ్చిన కెనడియన్ సీ-స్పైన్ రూల్‌లో ప్రమాదకరమైన దెబ్బల జాబితాలో తల మీద నిలువుగా బరువు పడటం, ఉదాహరణకి నీళ్లలోకి తలకిందులుగా దూకడం అని పేరు పెట్టి మరీ ఉంది. మూడడుగులు లేదా ఐదు మెట్ల ఎత్తు నుంచి పడటం కూడా అందులోదే, 65, ఆపై వయసును ఆ రూల్ విడిగా ప్రమాదం కింద లెక్కేస్తుంది. ఆ చరిత్ర చెప్పగానే ఎక్స్‌రే నార్మల్ అని పంపకుండా సీటీకి రాయాల్సింది.

మీ సీటీ సీడీ ఉంటే ఆ ఆసుపత్రి రేడియాలజిస్ట్‌ని రెండు సంగతులు అడగండి. ఒకటి, లేటరల్ మాస్ లోపలి అంచులో చిన్న ఎముక పలుకు ఊడినట్టు ఉందా? లిగమెంట్ తను తెగకుండా తను అంటుకున్న ఎముకను ఊడబెరుక్కుని వచ్చేయడం ఉంటుంది, సన్నటి స్లైసుల్లో తప్ప అది కనపడదు. రెండు, పగులు పక్కనున్న రంధ్రం లోంచి పోయిందా? మెదడుకు రక్తం తీసుకెళ్లే వెర్టెబ్రల్ ఆర్టరీ అందులోంచే పోతుంది, సీ1 దగ్గర వలయం పై నుంచి వంక తిరిగి లోపలికి వెళుతుంది. పగులు ఆ దారిలో ఉంటే సీటీ యాంజియో (రక్తనాళాలు చూసే సీటీ) కూడా చేయాలి. తల తిరగడం, మాట తడబడటం, చూపు రెండుగా కనపడటం ఉంటే ఆలస్యం చేయకుండా చెప్పండి.

ఇంకొకటి, ఈ చర్చ చదివే చిన్నపిల్లల తల్లిదండ్రుల కోసం. నాలుగేళ్ల పిల్లకి సీటీ తీసి సీ2 మొన మొదట్లో గీత ఉంది ఫ్రాక్చర్ అని హడలగొట్టిన రిపోర్టులు నా దగ్గరికి వస్తుంటాయి. ఆ వయసులో అక్కడ ఎముక ఇంకా కలవని ఎదుగుదల గీత మామూలుగానే ఉంటుంది, సుమారు ఆరేడేళ్లకు పూడుకుంటుంది. ఏడీఐ కూడా పిల్లల్లో 5 దాకా ఉండొచ్చు. పెద్దవాళ్ల కొలతలు పిల్లలకు పెట్టకూడదు. అలాగని దెబ్బ తగిలిన పిల్లని ఈ మాట చదివి ఇంట్లో ఉంచేయకండి, అక్కడే విరిగే పిల్లలూ ఉంటారు.

తెనాలి కోడలు:

డాక్టర్ గారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా అత్తగారికి 76, బాత్రూంలో కాలు జారి నుదురు కొట్టుకుంది. సీ2 లో టైప్ 2 ఓడాంటాయిడ్ అన్నారు. ఒకరు ఆపరేషన్ చేయకపోతే అతకదు అని, ఇంకొకరు ఈ వయసులో ఆపరేషన్ వద్దు కాలర్ చాలు అని. అత్తగారికి షుగర్, గుండెకు స్టెంట్. పైన చెప్పిన లిగమెంట్ సంగతి ఆవిడకీ వర్తిస్తుందా? అతకదు అంటే అన్‌స్టేబుల్ అనే కదా?

వెన్నుపూస డాక్టర్:

అమ్మా, అక్కడ కథ వేరు. సీ2 మొన ఎక్కడ విరిగిందన్న దాన్ని బట్టి 1974లో యాండర్సన్, డలాంజో మూడు రకాలు చేశారు. చివర కొస విరిగితే టైప్ 1, అరుదు, కానీ పుర్రెకూ మెడకూ మధ్య లిగమెంట్లు పోయాయేమో చూడాలి. మొన మొదట్లో విరిగితే టైప్ 2, ఎక్కువగా వచ్చేది ఇదే. పగులు కిందికి దిగి సీ2 దిమ్మలోకి పోతే టైప్ 3, అక్కడ మెత్తటి ఎముక, రక్తం బాగా అందుతుంది, చాలావరకు బయటి పట్టీలతోనే అతుకుతుంది.

టైప్ 2 తో తంటా ఏమిటంటే, అతుక్కోవాల్సిన ముఖం చిన్నది, అక్కడ ఎముక గుల్ల, రక్తం తక్కువ. ముక్క 5 మి.మీ. కన్నా ఎక్కువ జరిగినా, బాగా వంగినా, మొన మొదలు దగ్గర నలిగి పొడైనా, వయసు 50 దాటినా అతకకపోవడం ఎక్కువ. లిగమెంట్ బాగానే ఉండొచ్చు, కానీ అది పట్టుకోవాల్సిన మొనే ఊడిపోతే లిగమెంట్ ఏం చేస్తుంది? సీ1, ఊడిన మొన కలిసి ఒకే ముక్కగా ముందుకో వెనక్కో జారతాయి. అందుకని టైప్ 2 ని మొదట అన్‌స్టేబుల్ గానే చూడాలి.

కానీ మీ రెండో ప్రశ్నకు సమాధానం, కాదు. అతకలేదు అన్నా అన్‌స్టేబుల్ అన్నా ఒకటి కాదు. ముసలివాళ్లలో ఎముక అతక్కపోయినా మధ్యలో గట్టి నార లాంటి కణజాలం ఏర్పడి కదలకుండా పట్టుకోవడం మేం తరచూ చూస్తాం, నొప్పి ఉండదు, ఎక్స్‌రేలో కదలిక ఉండదు, ఆవిడ తన పనులు తను చేసుకుంటుంది. 76 ఏళ్లు, స్టెంట్, షుగర్ ఉన్న మనిషికి అది చాలు అనుకునే సర్జన్లు చాలామంది, నేనూ వాళ్లలో ఒకణ్ని. ముక్క బాగా జరిగి ఉంటే, లేదా కాలర్‌లో ఉండగానే జరుగుతుంటే, చేతుల్లో బలం తగ్గుతుంటే అప్పుడు ఆపరేషన్ గురించి గట్టిగా మాట్లాడాలి. తలకు పిన్నులతో రింగు బిగించి, దాన్ని ఛాతీకి తొడిగే వెస్ట్‌కి కలిపే హాలో మాత్రం ఈ వయసులో నాకు ఇష్టం ఉండదు, మింగడం కష్టమై, న్యుమోనియా వచ్చి అసలు జబ్బు కన్నా అదే పెద్దదవుతుంది. ఇద్దరు డాక్టర్లనూ ఒకే ప్రశ్న అడగండి: ముక్క ఎన్ని మిల్లీమీటర్లు జరిగింది, ఎటు జరిగింది? అక్కడి నుంచి మాట్లాడితే మీకు వాళ్ల తేడా ఎందుకో తెలుస్తుంది.

రాత్రి డ్యూటీ:

హ్యాంగ్‌మ్యాన్ ఫ్రాక్చర్ అని మా కజిన్‌కి రాశారు సార్, కారు డాష్‌బోర్డ్‌కి గడ్డం కొట్టుకుంది. ఆ పేరు చూసి పెద్దమ్మ ఒకటే ఏడుపు. అది ఉరి వేసుకున్నవాళ్లకు వచ్చేదేనా?

వెన్నుపూస డాక్టర్:

పేరు అలా పడింది, ఇప్పుడు అది వచ్చేది ఎక్కువగా రోడ్డు ప్రమాదాల్లోనే. సీ2 వెనక భాగానికీ ముందు దిమ్మకూ మధ్య రెండు వైపులా విరుగుతుంది, ఇక్కడ కూడా దారి వెడల్పవుతుంది కాబట్టి చాలామందికి నరాల దెబ్బ ఉండదు. కింది పూస సీ3 మీద సీ2 ఎంత ముందుకు జరిగింది, ఎంత వంగింది అన్నదే లెక్క. 3 మి.మీ. లోపు జరిగి, వంపు లేకపోతే టైప్ 1, స్టేబుల్, కాలర్. అంతకంటే జరిగి వంగితే మధ్యలో డిస్క్, లిగమెంట్లు దెబ్బతిన్నట్టు. ఒక రకం ఉంది, 2ఏ అంటారు, జరగడం తక్కువ, వంగడం చాలా ఎక్కువ, దానికి తల పట్టి లాగే ట్రాక్షన్ వేస్తే ఇంకా విడిపోతుంది. కీళ్లు కూడా తప్పిపోతే టైప్ 3, ఆపరేషనే. వివరాలు రిపోర్ట్‌లో ఉంటాయి, ఏ టైపో అడగమనండి.

కాలర్ అక్క:

ఫిజియోని. అన్నయ్యా, డాక్టర్ గారు చెప్పినదానికి ఇంట్లో పనికొచ్చేవి నాలుగు కలుపుతాను. దుకాణంలో దొరికే మెత్తటి స్పాంజి కాలర్ ఇలాంటి వాటికి పనికిరాదు, గడ్డం కింద, తల వెనక, ఛాతీ మీద ఆనే ఫిలడెల్ఫియా లాంటి గట్టిది సైజు చూసి పెట్టించాలి. పెద్ద సైజు వేసి గట్టిగా బిగించేసి గడ్డం లోపలికి దూరిపోయిన వాళ్లను రోజూ చూస్తాను. నిజం చెప్పాలంటే ఎంత గట్టి కాలరైనా మెడ కింది భాగాన్ని పట్టినంత బాగా సీ1, సీ2 ని పట్టలేదు, తల ఊపడం, తిప్పడం జరిగేది అక్కడే మరి. కాబట్టి కాలర్ ఉంది కదా అని టీవీ వైపు తల తిప్పడం, ఫోన్‌కి వంగడం వద్దు, ఒళ్లంతా తిప్పమనండి. ఫోన్ కళ్ల ఎత్తులో పెట్టండి. గడ్డం కింద, తల వెనక చర్మం రోజూ చూడాలి, ఎర్రబడి పుండు పడుతుంది, ఎండాకాలం చెమటకి ఇంకా తొందరగా. శుభ్రం చేసేటప్పుడు పడుకోబెట్టి, ఒకరు తల కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు ముందు భాగం మాత్రం తీసి తుడవాలి, ఇది ఆసుపత్రిలోనే నర్సు దగ్గర నేర్చుకుని రండి. వ్యాయామాలు ఇప్పుడేం వద్దు. యూట్యూబ్‌లో మెడ నొప్పికి ఐదు ఆసనాలు అని వస్తాయి, ఫోన్ దాచేయండి.

కొత్తగా చేతుల్లో తిమ్మిరి, పట్టు సడలడం, నడకలో తూలడం, మూత్రం ఆగిపోవడం, ఊపిరి కష్టం, వీటిలో ఏది వచ్చినా 108కి ఫోన్ చేయండి, బండి మీద కూర్చోబెట్టుకుని పోవద్దు ఈసారి.

బావిగట్టు:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న ఎంఆర్ఐ అయింది. లిగమెంట్ మధ్యలో తెగలేదట, కానీ ఎడమ వైపు అది అంటుకునే చోట చిన్న ఎముక ముక్క ఊడి వచ్చిందట. డార్క్‌రూమ్ గారు చెప్పినట్టే, మళ్లీ చూస్తే సీటీలోనూ ఉందన్నారు. రక్తనాళం బాగానే ఉంది. మొదటి డాక్టర్ కూడా చూసి, అయితే కాలర్ సరిపోదు హాలో వేద్దాం అన్నారు. అంటే స్టేబుల్ అన్నది పోయి అన్‌స్టేబుల్ అయిందా? అలాంటప్పుడు ఆపరేషన్ ఎందుకు చెప్పడం లేదు? తలకి స్క్రూలు దిగ్గొడతారంటే వాడు వణికిపోతున్నాడు. డబ్బుల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

వెన్నుపూస డాక్టర్:

ఊహించిన రెండింటికీ మధ్యలో పడింది మీది. 1996లో డిక్‌మన్, ఆయన బృందం ఈ లిగమెంట్ దెబ్బలను రెండుగా విడదీశారు. లిగమెంటే మధ్యలో తెగితే అది మళ్లీ అతకదు, కాలర్ వేసినా హాలో వేసినా లాభం లేదు, స్క్రూలు వేసి బిగించాల్సిందే. ఎముకతో సహా ఊడి వస్తే మాత్రం అతకాల్సింది ఎముక, ఎముక అతుకుతుంది. కదలకుండా ఉంచితే వాళ్ల కేసుల్లో నలుగురిలో సుమారు ముగ్గురికి అతికింది. అంటే ఈ రోజుకు మీవాడిది అన్‌స్టేబుల్, కానీ గట్టిగా పట్టి ఉంచితే స్టేబుల్ అయ్యే అవకాశం బాగా ఉన్నది. అందుకే కాలర్ కాదు, హాలో. నాకైతే ఇది సబబుగానే కనిపిస్తోంది.

వెంటనే ఆపరేషన్ ఎందుకు కాదంటే, సీ1 ని సీ2 కి బిగించేస్తే ప్రమాదం తీరుతుంది గానీ మెడ పక్కలకు తిరగడంలో దాదాపు సగం పోతుంది, ఆ సగం తిరుగుడు ఆ ఒక్క కీలులోనే జరుగుతుంది కాబట్టి. 29 ఏళ్లవాడు, బైక్ నడపాలి, వెనక్కి తిరిగి చూడాలి. అలాగని ఆ ఆపరేషన్‌కి భయపడాల్సిన పని లేదు, ఇప్పుడు ప్రపంచమంతా చేసే స్క్రూ పద్ధతికి దారి వేసిన వాళ్లలో అప్పట్లో ముంబై కెఈఎం ఆసుపత్రిలో ఉన్న అతుల్ గోయల్ ఒకరు, 1994లో ప్రచురించారు, తర్వాత జర్మనీలో హార్మ్స్ 2001లో దాన్ని మార్చి చెప్పారు, ఇద్దరి పేర్లూ కలిపే పిలుస్తాం. అవసరం పడితే మన దగ్గరా బాగా చేస్తారు. ముందు అవసరం పడుతుందో లేదో చూడండి.

మామూలుగా మూడు నెలల పాటు హాలో, మధ్యలో ఎక్స్‌రేలు, చివర్లో సీటీ. ఎముక అతికిందని తేలాక హాలో తీసి, మీవాడే తనంతట తను మెల్లగా తల ముందుకు, వెనక్కి వంచితే ఎక్స్‌రే తీస్తారు. ఏడీఐ 3 లోపలే ఉండి పెరగకపోతే బయటపడ్డట్టే. వంచినప్పుడు సందు పెరిగితే అప్పుడు ఆపరేషన్. ఈ వంచి తీసే ఎక్స్‌రేలు ఇప్పుడు, అంటే దెబ్బ తగిలిన కొత్తలో తీయించుకోకండి, ఎవరైనా తీద్దామన్నా వద్దనండి. కండరాలు బిగుసుకుని ఉంటాయి, కదలిక తెలియదు, తెలిసేంత కదిలితే అది ఇంకా ప్రమాదం.

డబ్బు విషయం, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది, రేషన్ కార్డు, సీటీ, ఎంఆర్ఐ రిపోర్టులు పట్టుకెళ్లి ఏ ప్యాకేజీలో వస్తుందో ముందే అడగండి, అడ్మిట్ అయి బిల్లు కట్టాక అడిగితే లాభం ఉండదు.

మిర్యాలగూడ మెకానిక్:

బ్రో, నేను హాలో పెట్టుకున్నోణ్ని, నాది సీ2. మీ బామ్మర్దికి చెప్పండి, అది వినడానికి ఉన్నంత ఘోరంగా ఉండదు. పిన్ను పెట్టే చోట మత్తు సూదులు ఇస్తారు, అవే చురుక్కుమంటాయి, తర్వాత నుదురు ఎవరో పట్టి నొక్కినట్టు ఒకటి రెండు రోజులు ఉంటుంది. పుర్రెలోకి దిగ్గొట్టరు, పైపొర వరకే. కష్టం అంతా పడుకోవడంలోనూ, కింద చూడలేకపోవడంలోనూ. మెట్లు దిగేటప్పుడు పాదం కనపడదు, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. గుండీలు ఉన్న చొక్కాలు రెండు సైజులు పెద్దవి కుట్టించుకోండి. పిన్నుల చుట్టూ రోజూ శుభ్రం చేయాలి, చీము, వాసన, పిన్ను వదులై టక్‌మన్న శబ్దం వస్తే అదే రోజు వెళ్లాలి, మనమే స్పానర్ పట్టుకుని బిగించకూడదు, నేను మెకానిక్‌ని అని చేయి దురద పెట్టినా సరే.

బావిగట్టు:

స్పానర్ అంటే గుర్తొచ్చింది, హాలో వెస్ట్‌తో పాటు ఒక చిన్న రెంచ్ ఇస్తామన్నారు. మనం బిగించకూడదంటే అది మాకెందుకు?

వెన్నుపూస డాక్టర్:

అది బిగించడానికి కాదు. గుండె ఆగితే ఛాతీ నొక్కడానికి వెస్ట్ ముందు పలక తెరవాలి, దానికి. వెస్ట్ ముందు భాగానికే టేపుతో అంటించి ఉంచండి, బీరువాలో పెట్టకండి. ఏ బోల్టులు విప్పాలో డిశ్చార్జ్ రోజే ఇంట్లో ఇద్దరికి చూపించమని అడగండి, అంబులెన్స్ ఎక్కితే వాళ్లకీ చెప్పండి, అన్ని హాలోలూ ఒకలా విప్పుకోవు. కొన్ని రకాలకు రెంచ్ లేకుండా ముందు పలక పైకి మడతపడుతుంది, మీది ఏదో అడిగి ఒకసారి దగ్గరుండి చూసుకోండి.